నేయి లేని పండుగ

సంక్రాంతికి ఇంకను వారము దినములున్నదనగనే ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల ఇండ్లలో బియ్యము నానవేయుదురు. తడిబియ్యము దంచునప్పటి పిండి వాసన, పొయ్యిమీద కుతకుతలాడు బెల్లపుపాకపు వాసన, కాగుచున్న నేతి వాసన, ఈ మూడును కలిసిననేగాని పండుగ వచ్చినట్లు పెద్దలకు తోచదు. దూరపు నగరములలో చదువుకొనుచున్న పిల్లలును, ఉద్యోగములు చేయుచున్న కొడుకులును కూతుళ్ళును రైలు దిగి ఇల్లు చేరునప్పటికి సున్నుండల డబ్బా నిండి యుండవలెను. అమ్మమ్మలకు అది పట్టుదల.

ఇట్టి ఇంటికి ఒక ఏడు మనుమరాలు వచ్చి, "అమ్మమ్మా! నేను పాలు, పెరుగు, నేయి మానివేసినాను" అనినచో ఏమగును?

ఈ ప్రశ్న నేడు వట్టి ఊహ కాదు. మాంసము, చేపలు, గ్రుడ్లు మాత్రమే గాక పాలు, వెన్న, నేయి, తేనె మొదలగు వానిని గూడ విడిచి, కేవలము మొక్కలవలన లభించు పదార్థములనే భుజించు యువతీయువకులు పట్టణములలో కనబడుచున్నారు. ఈ నియమమునకు 'వీగన్' అను పేరు 1944వ సంవత్సరమున ఇంగ్లండులో పుట్టినది. డొనాల్డ్ వాట్సన్ అను నతడును అతని మిత్రులును ఆ ఏట ఒక సంఘమును స్థాపించి ఈ మాటను కల్పించిరి. భారతదేశమున 2022లో ప్రభుత్వ ఆహారభద్రతా సంస్థ ఇట్టి ఆహారమునకు ప్రత్యేక నిబంధనలను గావించి, పొట్లములపై ముద్రించుటకు ఒక గుర్తును గూడ ఏర్పరచినది. దూడకు చెందవలసిన పాలను మనుష్యుడు తీసికొనుట న్యాయము కాదని కొందరు ఈ నియమమును పట్టుదురు. పాడికి పనికిరాని మగదూడల గతిని తలచుకొని కొందరు పట్టుదురు. పశువులు విడుచు మీథేను వాయువు భూమిని వేడెక్కించుచున్నదని మరికొందరు పట్టుదురు. ఈ కారణములలో బలము లేకపోలేదు. అయినను ఇచట విచారింపవలసినది వాని బలాబలములు కాదు. నియమము పట్టిన ఒక్కరును, పట్టని పదిమందియు ఒకే పంక్తిని కూర్చుండి పండుగ చేసికొనుట ఎట్లు? అదియే ప్రశ్న.

ఏలూరు పవరుపేటలో ఇట్టి ఇల్లొకటి ఉన్నట్లు ఊహింపవచ్చును. అమ్మమ్మ ఇంటికి పెద్ద. తాడేపల్లిగూడెము నుండి మేనమామ కుటుంబముతో వచ్చును. కైకలూరు నుండి పెద్దమ్మయు, పెదనాన్నయు వత్తురు. పెదనాన్నకు కొల్లేటి చేరువను చేపల చెరువు కలదు. మనుమరాలి మాట వినగానే మేనమామ నవ్వి, "అయితే ఇక గడ్డి తినెదవటే?" అనును. పెదనాన్న నవ్వడు. "చేపలు పెంచియే పిల్లలను చదివించితిని. నీ లెక్కను నేను పాపాత్ముడనా అమ్మా?" అని అడుగును. అమ్మమ్మ మాత్రము సున్నుండల డబ్బా మూత చేత పట్టుకొని, "మనకేమి లోటు వచ్చినదే తల్లీ!" అనును.

ఈ మూడు మాటలలో మేనమామది వేళాకోళము. దానికి జవాబు అవసరము లేదు. తక్కిన రెంటికిని జవాబు చెప్పవలెను. అందును అమ్మమ్మ మాట కడు లోతైనది.

ఆమె చిన్ననాట నేయి అందరి ఇండ్లలోను పుష్కలముగా ఉండెడిది కాదు. పాడి గలవారు సైతము వెన్న కాచి నేతిని అమ్ముకొని, ఆ సొమ్ముతో ఉప్పు, పప్పు, బట్ట కొనుచుండిరి. బీద ఇండ్లలో పండుగ వంటకములన్నియు నూనెతోనే జరిగెడివి. విస్తరిలో పప్పుపై నేతిచుక్క పడిన దినము పిల్లలు దానిని తలచుకొని మురిసెడివారు. ఆ పిదప డాల్డా వచ్చినది. చూపునకు నేయి, నోటికి మైనము. చుట్టములకు డాల్డాతో వండిపెట్టి నేయి అని చెప్పుకొనవలసి వచ్చిన ఇల్లాండ్రు ఎందరో కలరు. అట్టి రోజులు గడచి, కొడుకులు స్థిరపడి, డబ్బాలో నేయి నిండిన పిదప మనుమరాలు వచ్చి "నేయి వద్దు" అనినచో, ఆ ముసలి చెవికి అది ధర్మసూక్ష్మమువలె వినబడదు. గడచిన దారిద్ర్యము మరల తలుపు తట్టినట్లు వినబడును. పెద్దలు మొండివారని, క్రొత్తను ద్వేషింతురని తేలికగా అనుట సరికాదు. నేయి వారికి రుచి మాత్రమే కాదు. లోటు తీరినదనుటకు సాక్ష్యము.

కనుక నేయి మానదలచినవారు మొట్టమొదట ఎరుగవలసినది ఇది: తాము చేయు వంట లోటుగా కనబడరాదు. శ్రద్ధ తక్కువ గాని, పదార్థము తక్కువ గాని అయినట్లు తోచినచో ఎంత గొప్ప సిద్ధాంతము చెప్పినను ప్రయోజనము లేదు. అంగడిలో కొన్న ఏదో ఒక పొట్లము తెచ్చి, "నేను ఇది తినెదను, మీరు అవి తినుడు" అని మూలను కూర్చుండుట పండుగను రెండుగా చీల్చుటయే. పొయ్యి దగ్గర అమ్మమ్మ ప్రక్కను పీట వేసికొని కూర్చుండుట అంతకంటె కష్టము. కాని దారి అదియే.

అట్లు కూర్చున్న పిల్లకు ఒక వింత కనబడును. పండుగ వంటకములలో సగమునకు నేతితో గాని పాలతో గాని నిమిత్తమే లేదు. పులిహోర, గారెలు, జంతికలు, చేగోడీలు, నువ్వులుండలు, కొబ్బరి లౌజు ఉన్నవి. గోదావరి జిల్లాల విందులకు వన్నె తెచ్చు ఆవపెట్టిన కందబచ్చలి కూర, పనసపొట్టు కూర ఉన్నవి. వీనిలో ఏదియు క్రొత్తగా కనిపెట్టవలసినది కాదు. కనుమ పండుగ పశువుల పండుగ. ఆనాడు ఎడ్లను, ఆవులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి పూజింతురు. కనుమునాడు మినుము కొరకవలెనని పెద్దలే చెప్పుదురు. కావుననే ఇంటింటను గారెలు. పశువును పూజించు దినమున పప్పుధాన్యమును తినుమనిన ఆచారము ఈ పిల్లకు ఎంత అనుకూలమైనదో చూడుడు! (అదే కనుమనాడు పెక్కు ఇండ్లలో కోడికూరయు ఉండునన్నది వేరు సంగతి.)

పాలు మానుట మాత్రము మన పెద్దలకు తెలియని వింతయా? చాతుర్మాస్యవ్రతము పట్టువారు మొదటి మాసమున కూరలను, రెండవ మాసమున పెరుగును, మూడవ మాసమున పాలను, నాల్గవ మాసమున పప్పులను వరుసగా విడుతురు. ఇప్పటికిని ఈ వ్రతమును పాటించు కుటుంబములు కలవు. ఆ నెలలలో వారి ఇండ్లలో వంట ఆగదు, అతిథికి మర్యాద తగ్గదు. ఒక మాసము నిలిచిన నియమము పండ్రెండు మాసములు నిలుచునా అను సందేహము కలుగవచ్చును. ఇథియోపియా దేశపు క్రైస్తవులు ఏటా రెండువందల దినములకు మించి ఉపవాసనియమములు పాటించుచు, ఆ దినములలో మాంసమును, పాలను, గ్రుడ్లను ముట్టరు. వారి పప్పుల వంటలకు లోకమున పేరున్నది. నియమముచేత వంట బీదదగునను మాటకు ఈ రెండును సమాధానములు.

ఇక నేతితోనే బ్రతుకు వంటకముల సంగతి.

అరిసె సులభము. ముందునాడు నానిన బియ్యమును దంచి, బెల్లపుపాకమును చెంబునీటిలో వేసి ఉండకట్టుచున్నదో లేదో చూచి, పిండి కలిపి చలిమిడి చేయుదురు. చలిమిడిలో వేయు ఒకటి రెండు గరిటెల నేతికి మారుగా నువ్వులనూనె వేసినచో అరిసె మెత్తదనమునకు లోపము రాదు. వేగునది ఎట్లును చాల ఇండ్లలో నూనెలోనే. వేగిన అరిసెను చెక్కల నడుమ నొక్కి నూనె తీయునప్పుడు అమ్మమ్మ చేయి పడినచో చాలును.

బూరె కొంచెము కష్టము. వేడి బూరెను చిదిపి అందులో నేయి పోసికొనుట ఈ జిల్లాలవారికి ప్రాణము. కన్నడదేశమున ఒబ్బట్టుమీద కొబ్బరిపాలు పోసికొను అలవాటు కలదు. చిక్కని కొబ్బరిపాలలో ఏలకిపొడి కలిపి బూరెలో పోసినచో నేతి రుచి రాదు గాని ఆ వేడికి, ఆ తీపికి కావలసిన చల్లదనము వచ్చును. పరమాన్నమునకు కొబ్బరిపాలు మరింత అనుకూలము. మలయాళదేశపు ప్రథమన్ పాయసములు అట్టివే. అయితే ఇందొక మెలకువ ఎరుగవలెను. కొబ్బరికోరును మూడుమార్లు పిండి, పలుచని రెండవ, మూడవ పాలలో బియ్యమును ఉడికించి, బెల్లము కలిపి, పొయ్యిమీదినుండి దించిన పిదపనే చిక్కని మొదటిపాలు పోయవలెను. చిక్కనిపాలను మరిగించినచో విరిగిపోవును. ఆవుపాల పరమాన్నములో బెల్లమును తొందరపడి వేసినచో విరుగుట ఎరిగిన ఏ ఇల్లాలికైనను ఈ మెలకువ చెప్పనక్కరలేదు. కొబ్బరితోటలు నిండిన సీమలో పాయసమునకు కొబ్బరి కరవు కాదు.

అసలైన పరీక్ష సున్నుండ. దానిలో నేయి రెండు పనులు చేయును: వాసన నిచ్చును, చల్లబడి గట్టిపడి ఉండను నిలుపును. నువ్వులనూనె పోసినచో పిండి తడియును గాని ఉండ నిలువదు. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల వేడిమికి దిగువను గడ్డకట్టును. పుష్యమాసపు రాత్రి నిలిచిన ఉండ మధ్యాహ్నపు ఎండకు మెత్తబడును. ఏలూరునకు చేరువను పెదవేగిలో నూనెతాటి పరిశోధన సంస్థ కలదు. ఆ నూనెయు సగము గట్టిగనే ఉండును గాని దానిలో వాసన ఏది? వనస్పతి ఉండను చక్కగా నిలుపును. కాని గట్టిపరచిన నూనెలలో పుట్టు ట్రాన్సు కొవ్వు గుండెకు చేటని తేలి, 2022 నుండి దానిని నూటికి రెండు పాళ్ళకు మించనీయరాదని ప్రభుత్వము కట్టడి చేసినది. అమ్మమ్మ డాల్డాను అసహ్యించుకొనుటలో వివేకమే ఉన్నది. మేలైన ఉపాయము నువ్వులే. రెండు పాళ్ళు మినుములకు ఒక పాలు నువ్వులు, గుప్పెడు జీడిపప్పు చేర్చి, బెల్లముతో కలిపి రోట దంచినచో, నువ్వులలోని నూనె ఊరి, బెల్లపు జిగట తోడై ఉండ కట్టును. వాసనకు మినుములనే నమ్ముకొనవలెను. పొట్టుతోనే సన్నని సెగమీద ఎఱ్ఱగా, ఓపికగా వేయింపవలెను. సెగ పెంచినచో పైన మాడి లోన పచ్చిగ నుండును. నేయి ఉన్నప్పుడు ఈ తప్పు కప్పబడిపోవును. నేయి లేనప్పుడు కప్పువారు లేరు.

కొన్నిటిని మార్చబూనుట కంటె విడుచుటయే మర్యాద. గోదావరి తీరమున ఆత్రేయపురపు పూతరేకు కలదు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. కాగితమువంటి ఆ బియ్యపు రేకు నేయి తగిలినగాని మెత్తబడదు, పంచదార దానిని అంటుకొనదు. పాలకోవా సంగతి చెప్పనే అక్కరలేదు. వీనికి మారు వంటకములను కల్పించి అదియు పూతరేకే, ఇదియు కోవాయే అని వాదించుట నేతిబీరకాయలో నేయి చూపుటవంటిది. పెరుగును గూర్చియు ఇంతే. వేరుసెనగపప్పును నానబెట్టి, రుబ్బి, వడగట్టి, కాచిన పాలలో పచ్చిమిరపకాయల తొడిమలు వేసి తోడు పెట్టవచ్చును. అది పులియును, గడ్డకట్టును, మజ్జిగపులుసునకు పనికివచ్చును. కాని భోజనము చివర గడ్డపెరుగుతో అన్నము కలుపుకొను తెలుగువాని నాలుకను అది మోసగింపలేదు. ఇది పెరుగు కాదు, వేరుసెనగ పులుపు అని నిజము చెప్పి వడ్డించినచో ఎవరును వెక్కిరింపరు. పెరుగని చెప్పినచో మేనమామ ఊరకుండడు. ఊరకుండవలసిన పనియు లేదు.

పెద్దల సందేహములలో మరియొకటి కలదు. దానిని చాదస్తమని త్రోసివేయరాదు. "పాలు లేక బలమెట్లు?" అని వారు అడుగుదురు. సున్నమునకు నువ్వులు, రాగులు, ఆకుకూరలు ఉన్నవి, మాంసకృత్తులకు పప్పులున్నవి. కాని బి12 అను విటమిను మొక్కల ఆహారమున లభింపదు. అది లోపించినచో రక్తహీనత కలుగును, నరములు చెడును. పాలను సైతము విడిచినవారు మాత్రల రూపమున గాని, ఆ విటమినును చేర్చిన పదార్థముల రూపమున గాని దానిని తప్పక తీసికొనవలెను. ఎదుగు వయస్సు పిల్లలు తల్లిదండ్రులతోను వైద్యునితోను ఆలోచింపక ఇట్టి నియమము పట్టుట సాహసము. అమ్మమ్మ అడిగినప్పుడు ఈ సంగతి తెలిసియుండి చెప్పగలిగిన మనుమరాలికి సగము గెలుపు.

నియమమును పట్టి బంధువుల ప్రేమకు చిక్కినవారిలో గాంధీమహాత్ముడే ఒకడు. ఆయన 1912లో దక్షిణాఫ్రికాయందలి టాల్స్టాయి క్షేత్రమున పాలను విడిచెను. 1918లో తీవ్రముగ జబ్బుపడి ప్రాణము నిలుచునో లేదో అను స్థితిలో ఉండగా, వైద్యుడు పాలు త్రాగక తప్పదనెను. మీరు విడిచినది ఆవుపాలు, గేదెపాలు గదా, మేకపాలకు అభ్యంతరమేమని కస్తూరిబా అడిగెను. ఆయన అంగీకరించెను. వ్రతము మాటలో నిలిచినను మనస్సులో చెడినదని పిమ్మట తన ఆత్మకథలో వ్రాసికొని బాధపడెను. నింద తనపై వేసికొనెనేగాని భార్యపై వేయలేదు. నియమము తనదైనప్పుడు దాని బరువును తానే మోయవలెను, ఇంటివారిచే మోయింపరాదు. నేడు పంక్తిలో కూర్చుండి ఎదుటివాని విస్తరిలోని చేపముక్కను చూచి ముఖము చిట్లించు పిల్లలకు ఈ కథ తెలియవలెను.

చేప అనగానే పెదనాన్న మాట జ్ఞప్తికి వచ్చును. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచు కొల్లేరు, ఎన్నో తరములుగా లంక గ్రామముల కడుపు నింపినది. అక్కడివారికి చేప కూడు మాత్రమే కాదు; పిల్లల చదువు, కూతురి పెండ్లి. 1999లో సరస్సు అభయారణ్యమైనది. 2002లో రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. చేపల చెరువులు సరస్సును ఆక్రమించుటచే 2006 నాటికి అభయారణ్యము లోపలి చెరువుల గట్లు పెక్కింటిని ప్రభుత్వమువారు తెగగొట్టిరి. సరస్సు బాగుకొరకు అది అవసరమే. అయినను ఆ గట్లతోపాటు కొందరి జీవనాధారములును తెగినవి. పెదనాన్న తరమువారు అది కన్నులార చూచినవారు. "నేను పాపాత్ముడనా?" అను ప్రశ్న వెనుక ఆ జ్ఞాపకము ఉండదా? ఆ ప్రశ్నకు "అవును" అనుట క్రౌర్యము. "కాదు" అని ఊరకుండుటయు పూర్తి జవాబు కాదు. పిల్లకు తన నమ్మకముపై గౌరవమున్నది గదా. "నేను తినను పెదనాన్నా! మీరు పెంచుట వలననే మా అన్నయ్య చదివినాడని ఎరుగుదును" అనినచో రెండును నిజములే. ఒకదానిని రెండవది చెరుపదు.

ఆ పిల్ల చేపలపులుసును వంటింటినుండి తీసివేయుమని అడుగదు. అదే చింతపండు రసము, అదే మెంతిపొడి, అదే పచ్చిమిరప, గూడెపు అంగడిలో మేనమామ కొని తెచ్చిన ఉల్లిపాయలు తీసికొని, వేరొక దాకలో వంకాయ, మునగకాడ, కందముక్కలతో పులుసు పెట్టును. రెండు దాకలును ప్రక్కప్రక్కనే ఉడుకును. గరిటెలు మాత్రము వేరు.

కనుమ మధ్యాహ్నమున పంక్తి సాగును. మేనమామ గారెలను లెక్కింపక తినును. అందులో నేయి లేదని ఎవరును అతనికి గుర్తు చేయరు. పెదనాన్న రెండు పులుసులను వడ్డించుకొని కందముక్క బాగున్నదనును, చేపముక్క మరింత బాగున్నదనును. చివరకు అమ్మమ్మ నువ్వులు చేర్చిన సున్నుండను తీసికొని, కొన కొరికి, కొంతసేపు కన్నులు మూసికొని నమలును. అందరును ఆమె ముఖము వంక చూతురు.

"మినుములు తొందరపడి వేయించినావే. వచ్చే ఏటికి నేను వేయించెదను, నీవు దంచుదువుగాని" అనును.